ఆ ఎరుపు మేఘంలో ఉందా, కంప్యూటర్‌లో ఉందా?

కిందటి నెల ఇదే పేజీలో విజువలైజేషన్ గురించి, అంటే అంకెల గుట్టని కంప్యూటర్ చేత బొమ్మగా వేయించుకోవడం గురించి నాలుగు ముక్కలు రాసి, సందేహాలుంటే అడగమన్నాను. నాలుగైదు ఉత్తరాలు వస్తాయనుకుంటే సంచీడు వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఒకేలాంటి వాటిని కలిపేశాను, కొన్ని ప్రశ్నల్ని కుదించాను. ఏమీ అనుకోకండి.

ప్ర: తుపాను వచ్చినప్పుడల్లా టీవీలో మేఘాల్ని ఎర్రగా, పసుపుగా చూపిస్తారు. ఆ ఎరుపు మా ఊరి మీద కనిపించిందంటే మా అత్తయ్యగారు ఇక దేవుడి గదిలోంచి బయటికి రారు. నిజంగా పైనుంచి చూస్తే మేఘాలు అలా రంగురంగులుగా ఉంటాయా?
– ఒక గృహిణి, సోంపేట

జ: ఉండవండీ. పైనుంచి చూసినా మేఘం తెల్లగానే ఉంటుంది. మన ఇన్శాట్ ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో పాటే తిరుగుతూ, ఒకే చోట నిలబడ్డట్టు ఉండి మనవైపు చూస్తుంటాయి. వాటిలో మామూలు కెమెరా లాంటి ఛానల్ ఒకటుంది కానీ అది పగలే పనికొస్తుంది, చీకటి పడితే దానికి ఏమీ కనిపించదు. రాత్రీపగలూ పనిచేసేది, కంటికి కనిపించని కిరణాల్ని పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ ఛానల్. అది కొలిచేది వేడిని. బొమ్మలో ఒక్కో చుక్కకి ఒక ఉష్ణోగ్రత అంకె వస్తుంది, అంతే, అందులో రంగు అనేదే లేదు. సముద్రం మీద 27, 28 డిగ్రీలు ఉన్న సమయంలోనే తుపాను నడుమ 15 కిలోమీటర్ల పైకి లేచిన మేఘం తలమీద మైనస్ 70, మైనస్ 80 డిగ్రీలుంటుంది. ఈ అంకెల్లో చల్లటివాటికి తెలుపు, వెచ్చటివాటికి నలుపు వేస్తే మనకి అలవాటైన మేఘంలా కనిపిస్తుంది, వాతావరణ శాఖ వాళ్లు ఎక్కువగా వాడేది అదే. తెల్లటి మేఘంలో ఎక్కడ ఎత్తు ఎక్కువో కంటికి తేడా తెలియదు కాబట్టి అన్నిటికంటే చల్లటి చోట్లకి రంగులు పులుముతారు. మీ అత్తయ్యగారికి చెప్పండి, ఆవిడ భయపడే ఆ ఎరుపు ఆ బొమ్మ మొత్తంలోకీ గడ్డకట్టేంత చల్లటి చోటు.

అలాగని కొట్టిపారేయొద్దు. అంత ఎత్తు మేఘం కింద చాలాసార్లు గట్టి వానే ఉంటుంది. కానీ ప్రతిసారీ కాదు, మేఘం పైకి పోయి గొడుగులా పక్కలకి పరుచుకుంటుంది, ఆ పరుచుకున్న అంచుల కింద చినుకు కూడా ఉండకపోవచ్చు. వాన ఎక్కడ పడుతోందో చూడాలంటే డాప్లర్ రాడార్ బొమ్మ చూడాలి. విశాఖలో, మచిలీపట్నంలో రాడార్లున్నాయి, అవి రేడియో తరంగాలు పంపి, నీటి చుక్కలకి తగిలి ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తాయి. అక్కడ కూడా ఎరుపు ఉంటుంది, దాని అర్థం గట్టి వాన. ఇక వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ అన్నప్పుడు ఎరుపంటే చర్యలు తీసుకోండని హెచ్చరిక. ఒకే సాయంత్రం, ఒకే టీవీ ఛానల్లో మూడు ఎరుపులు, మూడు అర్థాలు! ఏది ఏదో చెప్పే రంగుల పట్టీ అసలు బొమ్మ పక్కన ఉంటుంది, టీవీ వాళ్లు దాన్ని కత్తిరించేసి స్క్రోలింగ్ పెడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ చాలామంది పొరబడతారు. తుపాను దారి చూపే మ్యాప్‌లో ముందుకు పోయేకొద్దీ గరాటులా వెడల్పయ్యే ఒక ఆకారం ఉంటుంది చూడండి, అది తుపాను సైజు కాదు. తుపాను నడిబొడ్డు ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఉందో దాని హద్దు. రేపటి కంటే ఎల్లుండి గురించి నమ్మకం తక్కువ, అందుకే వెడల్పు. ఆ గరాటు మన ఊరిని తాకలేదు కాబట్టి మనకేం కాదనుకోవడం ప్రమాదం, గాలీ వానా దాని బయటికి కూడా బాగా వస్తాయి.

ప్ర: సార్, మాది భీమవరం దగ్గర. రెండు చెరువులు, వనామీ రొయ్యలు. రోజుకి నాలుగుసార్లు డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మీటర్ పెట్టి ఫోన్‌లో రాసుకుంటున్నా. రెండిట్లోనూ సగటు 5 పైనే ఉంది. అయినా పోయిన పంటలో ఒక చెరువులో రొయ్యలు తేలాయి. గ్రాఫ్ వేస్తే తెలుస్తుందని మా బావమరిది అంటాడు. ఏ గ్రాఫ్ వేయాలి?
– ఒక రైతు

జ: వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇదే. మీరు నాలుగు రోజుల అంకెలు కూడా పంపారు కాబట్టి చెబుతున్నాను, మిమ్మల్ని ముంచింది ఆ సగటే. మీ మొదటి చెరువులో ఒక రోజు: తెల్లవారి 5కి 4.8, ఉదయం 11కి 5.5, సాయంత్రం 4కి 6.2, రాత్రి 10కి 5.1. సగటు 5.4. రెండో చెరువులో అదే రోజు: 2.5, 5.5, 8.5, 5.0. సగటు అదే 5.4. రెండూ ఒకటేనా మరి? రెండో చెరువులో తెల్లవారుజామున రొయ్యలకి ఊపిరాడలేదు, సాయంత్రం వచ్చిన 8.5 ఆ లోటుని కాగితం మీద పూడ్చేసింది. పగలు నీళ్లలో పాచి ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి ఆ పాచి కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అందుకే తెల్లవారే ముందు అడుగంటుతుంది. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసిన సంగతి అంకెల్లో కనబడకుండా పోయింది, అదీ చిక్కు.

ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అని ఒక గణాంకశాస్త్రవేత్త 1973లో సరిగ్గా ఇదే చూపించాడు. పదకొండేసి చుక్కలున్న నాలుగు పట్టికలు తయారుచేశాడు. నాలుగిటి సగటూ ఒకటే, అంకెలు ఎంత చెదిరాయనే కొలతా దాదాపు ఒకటే, రెండు వరుసల మధ్య సంబంధం చెప్పే అంకె కూడా ఒకటే. బొమ్మ గీస్తే ఒకటి మామూలుగా చెల్లాచెదురుగా, ఒకటి విల్లులా వంగి, ఒకటి తిన్నగా పోతూ ఒక్క చుక్క మాత్రం ఎగిరిపోయి, ఇంకొకటి నిట్టనిలువు గీతలా నిలబడి, దూరంగా ఒకే ఒక్క చుక్కతో. లెక్క చేస్తే చాలు, గీయడం టైమ్ వేస్ట్ అనేవాళ్ల కోసమే ఆ నాలుగు పట్టికలూ.

ఇక పని. ఎక్సెల్లో అడ్డంగా గంటలు, 0 నుంచి 24 దాకా. నిలువుగా డీఓ. ఒక్కో రోజుకి ఒక్కో సన్న గీత, అన్నీ ఒకదాని మీద ఒకటి. 4 దగ్గర అడ్డంగా ఒక లావు గీత గీయండి, దాని కిందికి దిగిన గీతలన్నీ మీకు తలనొప్పి తెచ్చిన రాత్రులు. మబ్బు పట్టిన రోజులకి వేరే రంగు వేయండి, మబ్బు రోజు మర్నాటి తెల్లవారుజామునే గీతలు ఎక్కువ దిగడం మీకే కనబడుతుంది. ఒక జాగ్రత్త: ఎక్సెల్లో ‘లైన్’ అని ఉండేది ఎంచుకోవద్దు, అది 5, 11, 4, 10 గంటల మధ్య ఎడం ఎంతున్నా అన్నిటినీ సమాన దూరంలో పెట్టేస్తుంది. ‘స్కాటర్’ తీసుకుని అందులో గీతలు కలిపే రకం పెట్టండి. రొయ్యలు తేలడానికి ఇదొక్కటే కారణమని నేననను, అమ్మోనియా ఉంది, జబ్బులున్నాయి, అవి మీ టెక్నీషియన్ చూడాలి. కానీ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రి ఎన్ని గంటలకి వేయాలనేది మాత్రం ఈ బొమ్మ చూసి మీరే తేల్చుకోగలరు.

ప్ర: మా మేనేజర్‌కి త్రీడీ పై చార్టులంటే పిచ్చి. మీ అభిప్రాయం?
– హైదరాబాద్ నుంచి, పేరు వద్దన్నారు

జ: పక్కకి వాల్చిన పళ్లెంలో మనవైపున్న ముక్క పెద్దగా కనిపిస్తుంది. మీ మేనేజర్ గారి విభాగం ముక్క ఎప్పుడూ ముందువైపే ఉంటోందా, ఒకసారి గమనించండి. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు జనం కళ్ల మీద ప్రయోగాలు చేసి చెప్పారు, ఒకే కొలబద్ద మీద ఎత్తుల్ని పోల్చినంత బాగా మనం కోణాల్ని పోల్చలేమని. బార్లు పెట్టండి. బార్లు సున్నా నుంచే మొదలుపెట్టండి. 95 నుంచి మొదలుపెడితే 96కీ 98కీ మధ్య మూడు రెట్ల తేడా కనిపిస్తుంది, అది కూడా మేనేజర్లకి ఇష్టమే.

ప్ర: అమ్మ పడిపోతే తలకి సీటీ స్కాన్ తీశారు. డాక్టర్ కంప్యూటర్‌లో పుర్రెని త్రీడీలో తిప్పి తిప్పి చూపించారు. కోయకుండా లోపలి ఎముక అంత స్పష్టంగా ఎలా కనిపించింది? ఇంకో సంగతి, ఇంటికొచ్చి సీడీ చూస్తే కంటి గుంట కింద ఒక చిల్లు కనిపించింది. మాకు నిద్ర పట్టడంలేదు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జ: ముందు నిద్ర సంగతి. ఆ చిల్లు గురించి రిపోర్టులో ఏమీ రాయలేదని మీరే రాశారు. కంటి గుంట కింద ఎముక కాగితమంత పల్చన, త్రీడీ బొమ్మల్లో అక్కడ లేని చిల్లులు కనిపించడం రేడియాలజిస్టులందరికీ తెలిసిన విషయం. ఎందుకు కనిపిస్తాయో చెబుతాను కానీ నా మాట మీద ఊరుకోకుండా రేపు పొద్దున్నే ఆ డాక్టర్‌నే అడగండి, రెండు నిమిషాల పని.

సీటీ యంత్రం చుట్టూ తిరుగుతూ ఎక్స్‌రేలు పంపి, తలని బ్రెడ్డు ముక్కల్లా అడ్డంగా కోసినట్టు లెక్కగడుతుంది. ఒక్కో ముక్క సాధారణంగా అడ్డం 512, నిలువు 512 గళ్ల కాగితం. ఒక్కో గడిలో ఒక అంకె. నీళ్లు 0, గాలి మైనస్ 1000, కొవ్వు మైనస్ 100 చుట్టుపక్కల, ఎముక వందల్లో, గట్టి ఎముక వెయ్యి దాటి కూడా. దీన్ని కనిపెట్టిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ కొలతకి పెట్టారు. 1971లో మొదటి రోగికి స్కాన్ తీశారు, 1979లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇలాంటి కాగితాలు వందలకొద్దీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంకెలు నింపిన ఒక దిమ్మ తయారవుతుంది. మరి పుర్రె ఎక్కడ? ఇక్కడ ఒక మనిషి నిర్ణయం తీసుకుంటాడు: ఉదాహరణకి 250 పైన ఉన్నదంతా ఎముక, కిందిదంతా గాలి కింద లెక్క. కంప్యూటర్ ఆ దిమ్మని చిన్న చిన్న ఘనాలుగా చూస్తుంది, ఘనానికి ఎనిమిది మూలలు, ఒక్కో మూల 250 పైనో కిందో. మొత్తం 256 రకాలు రావచ్చు, తిప్పి చూస్తే, లేదా పైనా కిందా అనేవి తారుమారు చేస్తే ఒకటే అయినవాటిని కలిపేస్తే 15 మిగులుతాయి. ఏ రకానికి ఏ ముక్కోణాలు అతికించాలో ముందే పట్టిక రాసి పెట్టుకుంటే చాలు, ఘనం తర్వాత ఘనం నడుచుకుంటూ పోతే పుర్రె దానంతటదే తయారవుతుంది. లోరెన్సన్, క్లైన్ అనే జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగులు 1987లో రాసిన పద్ధతి ఇది, పేరు మార్చింగ్ క్యూబ్స్, ఘనాల కవాతు అనుకోండి. ఇంత సులువైన సంగతి అంత బాగా పనిచేయడం చూసి, చదువుకునే రోజుల్లో నేను రెండు రోజులు అదే పనిగా మురిసిపోయాను.

ఇప్పుడు మీ చిల్లు. ఎముక గడి కంటే పల్చగా ఉన్నచోట ఆ గడిలో కాస్త ఎముక, కాస్త కొవ్వు, కాస్త గాలి పడతాయి. మూడూ కలిసి అంకె ఏ 120కో దిగుతుంది. 250 దాటలేదు కాబట్టి కంప్యూటర్ అక్కడ ఎముక లేదంటుంది. హద్దుని 100కి దించితే చిల్లు పూడిపోతుంది, కాకపోతే చర్మం కింది మెత్తటి భాగాలు కొన్ని ఎముకలుగా లేచి కూచుంటాయి. అందుకే డాక్టర్లు త్రీడీ బొమ్మ మీకు చూపించి, తాము మాత్రం ముక్కలు ముక్కలుగా ఉన్న నలుపు తెలుపు బొమ్మలే చదువుతారు.

ప్ర: డిగ్రీ చివరి ఏడాది. విజువలైజేషన్ నేర్చుకోవాలనుంది. అమీర్‌పేటలో ఒక చోట మూడు నెలలకి 40 వేలు అడిగారు. పైథాన్ నేర్చుకోనా, ఆర్ నేర్చుకోనా, గ్రాఫులు వేసే టాబ్లో సాఫ్ట్‌వేర్ నేర్చుకోనా అన్నా?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జ: తమ్ముడూ, ఆ 40 వేలు ముందు జేబులో పెట్టుకో. పైథాన్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలు రెండూ ఉచితం, మ్యాపులకి క్యూజీఐఎస్ ఉచితం, కిందటి ప్రశ్నలో లాంటి త్రీడీ దిమ్మలకి పారావ్యూ, త్రీడీ స్లైసర్ ఉచితం. పైథాన్‌తో మొదలుపెట్టు, ఎందుకంటే ఇంకేం పని చేసినా అది పనికొస్తుంది. కానీ మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోకు. మీ మండలం వర్షపాతం అంకెలు పదేళ్లవి సంపాదించి, గ్రాఫ్ పేపర్ మీద పెన్సిల్‌తో మూడు రకాలుగా గీయి. మీ ఇంట్లో వాళ్లకి చూపించి ఏం అర్థమైందో అడుగు. ‘ఏం అర్థం కాలా’ అన్నారంటే తప్పు వాళ్లది కాదు.

ఇంకోటి, కోర్సుల్లో ఎవరూ చెప్పనిది. పైథాన్‌లో గ్రాఫులు గీసిపెట్టే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో తెలుగు పేర్లు పెట్టావనుకో, నేను వాడినప్పుడల్లా ఒత్తులు ఊడిపోయి, ‘రాష్ట్రం’ కాస్తా ‘రాష్‌ట్‌రం’ అయి కూర్చుంది. ఫాంట్ మార్చి మార్చి ఒక రాత్రి పోగొట్టుకున్నాను, తప్పు ఫాంట్‌ది కాదు, అక్షరాల్ని వరసగా పేర్చడమే తప్ప ఒత్తు కిందికి చేర్చే పని నేను వాడిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ చేయలేదు. బ్రౌజర్ చేస్తుంది. కాబట్టి బొమ్మని ఎస్‌వీజీ అనే రకం ఫైలుగా సేవ్ చేసి, అక్షరాల్ని గీతలుగా మార్చకుండా అక్షరాలుగానే ఉంచమని సెట్టింగ్ పెట్టు, బ్రౌజర్‌లో తెరిస్తే చక్కగా కనిపిస్తుంది. తెలుగులో గ్రాఫులు పెట్టడానికి పత్రికలు ఎందుకు బద్ధకిస్తాయో అప్పుడు నాకు అర్థమైంది.

ప్ర: డాలస్‌లో ఉంటాం. ఎన్నికలప్పుడు తెలంగాణ మ్యాప్ చూసి, మా పార్టీ రంగే రాష్ట్రమంతా నిండింది, ఓడిపోయామంటారేంటని మా రూమ్మేట్ గొడవ. ఎలా చెప్పాలి?

జ: సీట్లు 119. అందులో 15 ఒక్క హైదరాబాద్ జిల్లావే. ఆ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, రాష్ట్రం విస్తీర్ణం లక్షా పన్నెండు వేలు. అంటే సీట్లలో నూటికి పదమూడు వంతులున్న చోటు మ్యాప్‌లో వెయ్యికి రెండు వంతులు, ఫోన్‌లో చూస్తే కందిగింజంత. అడవులున్న నియోజకవర్గం ఒకటి గెలిస్తే అరచేతంత రంగు వస్తుంది. చెట్లకి ఓటు లేదని చెప్పండి మీ రూమ్మేట్‌కి. సీటుకొక గడి చొప్పున 119 సమాన గళ్లతో వేసిన మ్యాపు చూపించండి, అయితే అందులో ఏ ఊరు ఎక్కడుందో ఆయనకి దొరకదు, ఇంకో గొడవ మొదలవుతుంది. నేనైతే రెండూ పక్కపక్కన పెడతాను.

ప్ర: నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ఆఫీసులో రిపోర్టులన్నీ ఆ రెండు రంగులతోనే. చెబితే నవ్వుతారని చెప్పలేదు.
– ఒక ఉద్యోగి, గచ్చిబౌలి

జ: చెప్పండి. పదేళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒకాయన నా రిపోర్టుని ఏడాది పాటు చూసి, బాగుందంటూ వచ్చాడు. ఆయనకి అందులో సగం కనబడలేదని ఆయన వెళ్లిపోయే రోజున తెలిసింది. నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి మీలాంటి ఇబ్బంది ఉంటుంది, ఆడవాళ్లలో చాలా తక్కువ, మన దగ్గరా ఇలాంటివాళ్లకి కొదవ లేదు. నీలం, నారింజ జంట పెట్టమనండి, లేదా రంగుతో పాటు పైకి కిందికి బాణం గుర్తు పెట్టమనండి. మెల్లగా మారే అంకెలకైతే విరిడిస్ అనే రంగుల వరస ఉంది, ముదురు ఊదాతో మొదలై పసుపుతో ఆగుతుంది. నలుపు తెలుపు ప్రింట్ తీసినా తక్కువ ఏదో ఎక్కువ ఏదో తెలుస్తుంది, ఎందుకంటే వెలుతురు మెట్టుమెట్టుగా పెరుగుతుంది. ఇంద్రధనుస్సు వరసలో అది జరగదు, మధ్యలో పసుపు దగ్గర భళ్లున వెలిగి, అక్కడ లేని గట్టు ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుంది. 2017లో మ్యాట్‌ప్లాట్‌లిబ్, మనం ఏ రంగులూ చెప్పనప్పుడు తనంతట తాను వాడే వరసగా ఇంద్రధనుస్సు బదులు విరిడిస్‌ని పెట్టింది.

ప్ర: ఇదంతా కంప్యూటర్ వచ్చాక పుట్టిన విద్యేనా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి

జ: కాదండి మాస్టారూ. గీతల గ్రాఫులూ, బార్లూ విలియం ప్లేఫెయిర్ 1786లోనే అచ్చు వేశాడు. 1854లో లండన్ సోహోలో కలరా వస్తే జాన్ స్నో అనే డాక్టరు వీధుల మ్యాప్ మీద చావుకొక నల్లగీత పేర్చుకుంటూ పోయాడు, గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ మూగాయి. నాకు మాత్రం ఆ కథలో గీతల్లేని చోటే ఇష్టం. పంపు పక్కనే బీరు కార్ఖానా ఉంది, అందులో డెబ్బై మంది దాకా పనిచేసేవాళ్లు, ఒక్కరూ పోలేదు. ఎందుకని అడిగితే వాళ్లు ఆ పంపు నీళ్లే తాగరట, బీరు తాగుతారు, కార్ఖానాకి సొంత బావి ఉంది. ఖాళీగా ఉన్న చోటుని కూడా లెక్కలోకి తీసుకుని, లేచి వెళ్లి అడిగాడు చూడండి, కంప్యూటర్ ఆ పని ఇప్పటికీ చేయదు.

ప్ర: బ్లాక్ హోల్ ఫోటోలో నారింజ రంగు ఎందుకుంది? అది నిజంగా నారింజ రంగా?
– ఎనిమిదో తరగతి, అనంతపురం

జ: కాదమ్మా. 2019 ఏప్రిల్ 10న విడుదల చేసిన ఆ బొమ్మ ఎం87 అనే గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలంది. అక్కడినుంచి వెలుతురు మనదాకా రావడానికి ఐదున్నర కోట్ల ఏళ్లు పడుతుంది. దాన్ని తీసింది మామూలు కెమెరాతో కాదు, ప్రపంచంలో వేర్వేరు చోట్ల ఉన్న రేడియో టెలిస్కోపులన్నీ ఒకేసారి అటు చూసి, 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాల్ని పట్టుకున్నాయి. రేడియో తరంగానికి రంగుండదు. ఎక్కడ బలంగా వచ్చిందో, ఎక్కడ తక్కువో చెప్పే అంకెలే ఉంటాయి. వేడిగా మండుతున్న దానిలా అనిపించాలని నారింజ వేశారు. నువ్వు నీలం వేసినా ఆ వలయం అక్కడే ఉంటుంది, మధ్యలో చీకటి అక్కడే ఉంటుంది. ఆ బొమ్మని నలుపు తెలుపు ప్రింట్ తీసి, క్రేయాన్లతో నీకు నచ్చిన రంగులు వేసి నాకు పంపు. ఏ రంగు ఎక్కువకి, ఏ రంగు తక్కువకి వాడావో మూలన ఒక పట్టీ గీయడం మాత్రం మర్చిపోకు, బాగుంటే వచ్చే నెల ఈ పేజీలో వేయిస్తాను.